తొలి పుల్ల

మిసో — పులియబెట్టిన సోయా ముద్ద — మాడబోయే ముందు ఒక వాసన వస్తుంది.

తీపి కాదు, ఉప్పు కాదు — వానకు ఎదురుచూసే మట్టికీ, ఆరనని మొండికేసిన నిప్పుకీ నడుమ ఎక్కడో పుట్టిన వాసన.

ఆ వాసనకే పొలాల దేవుడు కొండ దిగి వస్తాడని ఆ లోయ నమ్మకం.

నాట్లు మొదలయ్యే ఉదయం. గట్టు మీద పొయ్యి. పొయ్యి చుట్టూ ఊరు. వెదురు పుల్లకు గుచ్చి, మిసో పూసి, కాల్చిన తొలి టోఫు ముక్క, ఆ సోయాపాల జున్ను, దేవుడిది. దాన్ని కాల్చే వంతు ఏటా ఒక ఇంటిది.

ఈ ఏడు ఇతోయొ ఇంటిది.

ఆమె భర్తను మొన్నటి చలికాలం మంచు మింగింది. మగవాడు లేని ఇల్లు వంతు వదులుకోవాలని ఊరిపెద్ద కన్బేయ్ కబురు పంపాడు. వదిలిన వంతు మళ్ళీ రాదు. వంతు లేని ఇంటి మడికి కాలువ నీరు అందరి తరువాతే పారుతుంది.

ఇతోయొ జవాబు పంపలేదు.

తానే వచ్చింది.

బరువు కింద నీరంతా వదిలి గట్టిపడిన టోఫును పుల్లకు గుచ్చి, నిప్పుల పక్క బూడిదలో నిలబెట్టింది.

"లే ఇతోయొ. ఆ చోటు నీది కాదు," అన్నాడు కన్బేయ్.

"వంతు ఇంటిదండీ. గడ్డానిది కాదు."

కన్బేయ్ తల్లి ఒషిగె బోసినోటితో నవ్వింది. "గడ్డమే కొలతైతే, నీకు ఈనాటికీ వంతు రాకూడదురా నాయనా."

అతడు నున్నటి చుబుకం తడుముకున్నాడు.

నిప్పు ఎవరి అనుమతీ అడగలేదు.

టోఫు చెమర్చింది... ఆరింది... అంచులు ఎర్రబడ్డాయి. అప్పుడు పూసింది మిసో. అది బుడగలు వేసింది — నల్లరేగడిలో ఊట కదిలినట్టు.

ఇక పైన పెట్టే చిగురు. ముళ్ళచెట్టు లేత చిగురు. అరచేతుల నడుమ చరిస్తే తప్ప దాని పరిమళం మేలుకోదు.

ఇతోయొ చరిచింది.

ఒక్క చప్పుడు.

ఆ లోయలో మొక్కేటప్పుడు దేవుణ్ణి పిలిచేదీ అలా చేతులు చరిచిన చప్పుడుతోనే. ఊహ తెలిసిన నాటి నుంచి విన్న చప్పుడు. ఆలోచన కంటే ముందు మెడలు వంగాయి. ఒషిగె మెడ. నాట్ల కూలీల మెడలు.

కన్బేయ్ మెడ.

ఒకసారి తల వంచి మొక్కిన నైవేద్యాన్ని తిరిగి కాదనడం అక్కడ ఎవరూ ఎరగరు.

కప్పలు మౌనం వహించాయి. గాలి లేదు. అయినా మడి తరువాత మడిగా నీరు వణికింది — కొండ వైపు నుంచి ఎవరో నడిచి వస్తున్నట్టు.

ఒక్కొక్కరే తలెత్తారు. కన్బేయ్ ఎత్తలేదు. దేవుడికి వంచాడో... ఆమెకు వంచాడో... ఎత్తడానికి ముఖం చెల్లలేదో —

ఇతోయొ పుల్ల తిప్పింది.

వాసన లేచింది. మాడబోయే ముందటి వాసన.