మా అత్త ఎదురొచ్చిన మంగళవారం

మా ఆయనకు పాత పెన్షన్ రాకుండా చేసింది ప్రభుత్వం కాదు, మా అత్త. ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట మనసులోనే అనుకుంటూ వచ్చాను. పైకి మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అనకుండా ఉండడానికి ఎంత అవస్థ పడ్డానో ఆ అహోబిలం నరసింహస్వామికే తెలియాలి, ఎందుకంటే నేను నోరు మూసుకుని ఉండే మనిషిని కాదు.

మా మామ శేషయ్య ఆళ్లగడ్డ మండల పరిషత్తు ఆఫీసులో పనిచేస్తూ పోయాడు. ఆ లెక్కన కొడుక్కి ఉద్యోగం ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. సోమవారం చేతికందింది, మర్నాడే చేరిపోవచ్చు. మా ఆయన మద్దిలేటి మంగళవారం పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు. మా అత్త భారతమ్మ గడపకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

“మంగళారం ఎవురన్నా ఉద్యోగంలో చేరతారా? మీ నాయన పోయి ఇంకా ఏడాది కాలా. రేపు బుధారం సక్కంగా చేరు. ఒక్క దినానికి ఏం మునిగిపోతాది?”

ఆయన చొక్కా విప్పి దండెం మీద వేశాడు. తల్లి మాటంటే ఆయనకు అంతే.

మునిగే పోయింది. ఆ బుధవారం రెండు వేల నాలుగు సెప్టెంబరు ఒకటో తేదీ. సరిగ్గా ఆ రోజు నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదని ప్రభుత్వం గీత గీసింది. పాతదైతే రిటైరయ్యాక జీతంలో సగం దాకా నెలనెలా వస్తుంది, బతికినన్నాళ్లూ వస్తుంది, ఆ తర్వాత పెళ్లానికీ వస్తుంది. కొత్తదైతే జీతంలోంచి నెలనెలా కోసుకుని ఎక్కడో షేర్లలో పెడతారు. చివరికి చేతికి ఎంత వస్తుందని అడిగితే ఎవరూ చెప్పరు.

అదే సోమవారం, అదే ఆఫీసుకు ఉత్తర్వు అందుకున్నవాడు పౌలు. ఆయనకూ తండ్రి పోయాక వచ్చిన ఉద్యోగమే. మంగళవారం పొద్దున ప్రార్థన చేసుకుని, సైకిలెక్కి పోయి చేరిపోయాడు. ఒక్క రోజు తేడాతో గీతకు అవతల, పాత పెన్షన్ వైపు పడ్డాడు. నిరుడు నడుం నొప్పి పట్టుకుంటే ఇక నావల్ల కాదని ముందుగానే రిటైరయ్యాడు, నెల తిరిగేసరికి పెన్షన్ పడుతోంది. మా ఆయనకు గుండెకు స్టెంట్లు వేశారు. మెట్లెక్కితే ఆయాసం. అయినా మాత్రల డబ్బా జేబులో వేసుకుని రోజూ ఆఫీసుకు పోవలసిందే. మానేస్తే మా బతుకు ఏమవుతుందో మాకే తెలియదు. ఆయన ఆఫీసు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, నా చెయ్యి ఫోను మీదికి పోతుంది.

“అమ్మకు మాత్రం చెప్పొద్దు వాణీ. మంగళారం వల్ల పోయిందని తెలిస్తే కుమిలిపోతాది,” అని అప్పట్లోనే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అత్త ఏమో వచ్చినవాళ్లందరి దగ్గరా, “మావాన్ని మంచిదినం సూసి చేర్పిచ్చినా. అందుకే ఒక్క మాట పడకుండా చేస్తాండాడు,” అని మురిసిపోయేది. నేను వంటింట్లో పళ్లు కొరుక్కునేదాన్ని.

ఏ మాటకా మాట చెప్పుకోవాలి, కొడుకంటే ఆమెకు ప్రాణం. ఆ ఒక్క మంగళవారం తప్ప, మామ పోయినప్పటి నుంచి కొడుకు బయటికి పోయేటప్పుడు ఆమె ముందు గదిలోకి రాదు. బొట్టు లేని మనిషి ఎదురైతే మంచిది కాదని ఆమెకు ఆమే పెట్టుకున్న నియమం. ఆయన చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినగానే వంటింటి తలుపు వెనక్కి తప్పుకుంటుంది. కన్నతల్లికి అదేం ఖర్మని మా ఆయన ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఇలా ఉండగా ఈ ఏడు ఒక ఉత్తర్వు వచ్చింది. గీత గీసిన తేదీకి ముందే నియామకపు కాగితం చేతికొచ్చి, తర్వాత చేరినవాళ్లు పాత పెన్షన్ కోరుకోవచ్చునట. అది మా ఆయన పేపర్లో చదివాడు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

నాకు మాత్రం సంతోషం కన్నా ముందు భయం వేసింది. “మీరు మండల పరిషత్తోళ్లు గదా. జిల్లా నంద్యాలకొచ్చినా మీ జిల్లా పరిషత్తు కర్నూల్లోనే ఉండిపాయె. ఏ ఉత్తర్వొచ్చినా మీకు వర్తిస్తాదా లేదా అని మూన్నెల్లు కొట్టుకుంటారు. ఇది మీకుందా?” అని అడిగాను.

“ఉద్యోగులు అని రాసినారు. మేం ఉద్యోగులం కాదా ఏందీ?” అని కసిరాడు. కసిరాడంటే ఆయనకూ అదే భయమని అర్థం.

కాగితాలు నంద్యాల ఆఫీసులో చేత్తో ఇవ్వాలి. ఆఫీసరు సంతకం కోసం తిరగడంలోనే రోజులన్నీ కరిగిపోయాయి. ఒకరోజు ఆ ఆఫీసరు మీటింగులో ఉన్నాడు, ఒకరోజు సెలవులో ఉన్నాడు, ఒకరోజు విజయవాడలో ఉన్నాడు. ఆఖరికి సోమవారం సాయంత్రం సంతకం పడింది. గడువు మర్నాటితో సరి. మర్నాడు మంగళవారం.

ఆ మాట తలుచుకుంటేనే నా ప్రాణం ఉసూరుమంది. అత్త ఒక్క మాట అంటే చాలు, ఈయన మళ్లీ చొక్కా విప్పి దండెం మీద వేస్తాడు. చివరికి మంగళవారం దాకా పోతుందేమోనన్న అనుమానంతో రెండు రోజుల ముందే అవుకులో ఉన్న మా ఆడబిడ్డ నాగేశ్వరమ్మకు ఫోన్ చేసి, అమ్మను పిలిపించుకో తల్లీ అని బతిమాలాను. ఆమె పిలిచింది. అత్త కదిలితేనా!

“అవుకు నీళ్లు నాకు పడవు. దగ్గొస్తాది,” అని కూర్చుంది. “నన్ను తోలేయాలని ఎందుకంత తొందర నీకు?” అని నన్నే ఎగాదిగా చూసింది.

మంగళవారం పొద్దున ఆమె లేవకముందే ఆయనను పంపించేయాలని బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టాను. వీధి చివర రాళ్లు చెక్కే షెడ్లలో ఉలి చప్పుడు అప్పుడే మొదలైంది. గేటు చప్పుడు అందులో కలిసిపోతుందిలే అనుకున్నాను.

“మాత్రలు వేసుకుంటివా?”

“వేసుకుంటి.”

“కాగితాలు?”

“సంచిలో ఉండాయి. ఇంక చాలుగానీ ఊరుకో. నువ్వు అడిగే కొద్దీ నాకు దడ పుడతాంది.”

చెప్పులు వేసుకుని గడప దాటాడు. నేను వెనకే పోయి చూద్దును గదా, గేటు దగ్గర అత్త నిలబడి ఉంది. స్నానం చేసి, తల దువ్వుకుని, సరిగ్గా దారికి ఎదురుగా, తప్పుకోవడానికి సందు లేకుండా నిలబడింది. బొట్టు లేని ఆ నుదురే మా ఆయనకు మొదట కనపడింది.

మా ఆయన అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. ఎదురు బాగా లేకపోతే లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి పోవడం ఆయనకు ఆమె నేర్పిందే. “కాసిన్ని నీళ్లు తాగి పోతాలే,” అన్నాడు నా మొహం చూడకుండా. లోపలికొచ్చి కూర్చుంటే ఇక లేవడని నాకు తెలుసు. నాకు పిచ్చి కోపం వచ్చింది.

“ఏందత్తా ఇది? ఈపొద్దే దొరికెనా నీకు ఎదురు రాను? ఆపొద్దు మంగళారమని ఆపి ఆయన పింఛను మింగితివి. ఈపొద్దు కూడా కడుపు నిండలేదా?”

నోరు జారింది. అన్నేళ్లు దాచిన మాట వీధి గుమ్మంలో పడిపోయింది. మా ఆయన “వాణీ!” అని అరిచి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన గుండెకు ఏమవుతుందోనని భయం పట్టుకుంది. ఛీ, నా నోరు పడిపోను అనుకున్నాను.

అత్త మాత్రం కదల్లేదు. “దాన్ని తిట్టొద్దు మద్దిలేటీ. ఉన్నమాటే గదా అంటాంది,” అంది. “నాకు తెల్దనుకుంటిరా ఇద్దరూ? మీ నాయన పింఛనుకు, బతికుండానని సంతకం పెట్టను ట్రెజరీకి పోతి గదా. ఆడ పౌలు కనపడినాడు. మీ ఇద్దరికీ ఒక్కదినమే ఆర్డరొచ్చె, నీకు పాత పింఛను ఎట్లొచ్చె, మావానికి ఎందుకు రాలేదు అని అడిగితి. వాడు శానాసేపు తల వంచుకున్న్యాడు. ఇడ్సిపెట్టకుండా అడిగితే చెప్పినాడు. ఈ గడువు సంగతి మీరు రాత్రి మాట్లాడుకుంటాంటే విన్న్యా.”

“అమ్మా…”

“మాట్లాడొద్దు. ఆపొద్దు అడ్డం నిలబడింది నేనే, ఈపొద్దు పంపిచ్చేదీ నేనే. మంగళారం లేదు, మట్టీ లేదు. నన్ను సూసుకుంటానే పో. నీళ్లు తాగొద్దు, ఎనక్కి తిరగొద్దు. బేగా పో నాయనా, బస్సు పోతాది.”

ఆయన వచ్చి ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, గేటు తీసుకుని వెళ్లిపోయాడు. మలుపు తిరిగిందాకా ఆమె అలాగే నిలబడింది. ఆ తర్వాత కూడా గేటు ఊచ వదల్లేదు.

“వాణీ, ఏం కాదు గదా?” అంది చిన్న గొంతుతో. “మొండికేసి నిలబడితి గానీ, నేను ఎదురొచ్చినందుకు ఇది గూడా చెడిపోతే… నేనింక బతకనే. వాని ముఖం సూడలేను.”

ఇరవై ఏళ్ల కోపం నాలో ఎక్కడికి పోయిందో తెలియదు. “ఏం కాదత్తా, లోపలికి రా,” అన్నాను. ఆమె రాలేదు. వాడు వచ్చిందాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని అరుగు మీద కూర్చుండిపోయింది. ఎండ ఎక్కింది. గొడుగు తెచ్చిస్తే పక్కన పెట్టుకుంది గానీ తెరవలేదు. గ్లాసు తీసుకుపోతే మొహం తిప్పుకుంది. ఇటు ఈమె కళ్లు తిరిగి పడిపోతుందేమోనని ఒక భయం, అటు ఆయన ఫోనెత్తడం లేదని ఇంకో భయం. ఇంట్లోకీ అరుగు మీదికీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. పెరట్లోకి పరిగెత్తాను.

“వాణీ, తీసుకోలేదు,” అన్నాడు. వెనక బస్టాండు రొద. “తేదీలన్నీ సరిపోయినాయంట. కానీ ఈ ఉత్తర్వు ప్రభుత్వ శాఖలోళ్లకే అంట. జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు, పంచాయతీలోళ్లకు ఇంకొకటి విడిగా రావాలంట.”

“ఎప్పుడొస్తాదంట?”

“వస్తే వస్తాది అన్న్యాడు ఆడుండే గుమాస్తా. ఆయన మాత్రం ఏం చేస్తాడు, పైన రాసినోళ్లు మమ్మల్ని మర్సిపోతే.” మళ్లీ తనే అందుకున్నాడు. “నువ్వు ముందే అంటివి.”

నేను ముందే అన్నందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. పెరటి గుమ్మం నుంచి చూస్తే అత్త వీపు కనపడుతోంది. ఫోన్ మోగడం ఆమెకూ వినపడింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక బిగుసుకుని కూర్చుంది. ఉత్తర్వులో మండల పరిషత్తు మాట లేకపోవడం వల్ల పోయిందని వెయ్యిసార్లు చెప్పినా ఆమె నమ్మదు. తను ఎదురొచ్చినందుకే పోయిందంటుంది. నేనింక బతకను అంది గదా, అన్నంత పనీ చేస్తుంది.

“ఇదో, విను,” అన్నాను గొంతు తగ్గించి. “కాగితాలు తీసుకున్న్యారని చెప్పు. నవ్వుకుంటా రా. ముఖం అట్ల వేలాడేసుకొని వస్తే గేటు కాడే నిలబెడతా.”

“అమ్మ…”

“మీయమ్మ పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు.”

ఆయన “సరే” అని ఫోన్ పెట్టేశాడు.

నేను కళ్లు తుడుచుకుని, అరుగు మీదికి పోయి ఆమె ఎదురుగా కూర్చున్నాను. “తీసుకున్న్యారంటత్తా. తేదీలన్నీ సరిపోయినాయంట,” అన్నాను. రెండో మాటైనా నిజమే గదా అని నాకు నేను చెప్పుకున్నాను.

అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. అప్పుడు చెయ్యి చాపింది, నీళ్ల గ్లాసు కోసం. గటగటా తాగింది, రవిక ముందంతా తడిసింది. “పాయసం చెయ్యే వాణీ,” అంది. చేశాను. మా ఆయన నవ్వుకుంటానే వచ్చి, రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోనే ఉండిపోయాను.

సాయంత్రం పౌలుకు ఫోన్ చేసి, ఈసారి ట్రెజరీ దగ్గర అత్త అడిగితే మా ఆయనది కూడా అయిపోయిందని చెప్పమన్నాను. “ఆ ఇంకో ఉత్తర్వు అంతలోపల రావాలని ప్రార్థన చేస్తా వదినా,” అన్నాడు. అంతకు మించి ఏ మాటా ఇవ్వలేదు.

మర్నాడు మా ఆయన ఆఫీసుకు పోతూ చెప్పులు వేసుకుంటున్నాడు. అత్త తలుపు వెనక్కి తప్పుకోలేదు. ముందుగా పోయి గేటు తీసి, దారికి ఎదురుగా నిలబడింది. “ఇంక దినామూ నేనే ఎదురొస్తా నాయనా. నా ఎదురు మంచిదే అని తెలిసిపాయె గదా,” అంది.

“మంచిదేలే అమ్మా,” అన్నాడు ఆయన. మాత్రల డబ్బా ఉందో లేదో జేబు తడిమి చూసుకుని, ఆమె ముందు నుంచే ఆఫీసుకు పోయాడు.