నూట ఇరవై చదరపు మీటర్ల తోట

పూతల మేస్త్రికి ఇల్లూ పనీ ఒకే కప్పు కింద ఉండేవి. కింద షెడ్డు, పైన ఇల్లు. కుళాయి పిడులు, తలుపు గొళ్ళేలు, సైకిలు కమ్మీలు మాసిన ముఖాలతో షెడ్డులోని తొట్లలో మునిగి, క్రోమియం పూత పూసుకుని, అద్దాల్లా మెరుస్తూ బయటికి వచ్చేవి. ఆ వీధిలో అలాంటి షెడ్లు పదకొండు. పనితనంలో మేస్త్రికి సాటి లేరని అతని పోటీదారులే అనేవారు; అతని వెనక అనేవారు కాబట్టి నమ్మవచ్చు.

ఒక ఉదయం ఫారాలయన వచ్చి బల్ల మీద కాగితాలు పరిచాడు. అనుమతుల దరఖాస్తులు నింపిపెట్టడం అతని వృత్తి. అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ గుర్తు లేదు. పూతపని చేసే ప్రతి షెడ్డూ మూడేళ్ళకొకసారి రాష్ట్ర పర్యావరణ సంస్థ దగ్గర అనుమతి తీసుకోవాలి. మేస్త్రి అనుమతికి నెలాఖరుతో గడువు తీరుతుంది. కొత్తది రాకపోతే కరెంటు తీసేస్తారు, తొట్లు ఆగిపోతాయి, ఆరుగురు పనివాళ్ళు ఖాళీగా కూర్చోవాలి.

"ఇక్కడేం రాశావయ్యా?" మేస్త్రి కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. "'శుద్ధి చేసిన నీటిని ఆవరణలోని నూట ఇరవై చదరపు మీటర్ల తోటకు వాడుచున్నాము.' మన షెడ్డే తొంభై మీటర్లు కదా. అందులో తోట నూట ఇరవై ఎలా పట్టింది?"

"మీది చిన్న తోటే. పక్క షెడ్డాయనకి మూడొందలు రాశాను. మనిషి పొట్టిగా ఉన్నాడు, తోటన్నా పెద్దగా ఉండాలని."

"ఎవరైనా చూస్తే?"

"తొమ్మిదేళ్ళ నాటి తోట. ముగ్గురు ఇంజినీర్లు చూసి సంతకాలు పెట్టారు. వాళ్ళకి కనపడింది మీకు కనపడకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

మేస్త్రి నవ్వుతూ సంతకం చేస్తుండగా మెట్ల మీద నుంచి కోడలు పిలిచింది. ఆమెకప్పుడు అయిదో నెల. చేతిలో తెల్ల బకెట్టు.

"మామయ్యా, బోరు నీళ్ళు కాస్త పసుపు రంగుగా లేవూ?"

"పైపు తుప్పమ్మా. కాసేపు వదిలేసి పట్టుకో."

ఈ సంభాషణలో దుర్మార్గులెవరూ లేరని చదివేవారు గమనించాలి. మేస్త్రి తన పనిని గౌరవించే మనిషి. పూత పూసిన వస్తువులు కడిగిన పసుపుపచ్చటి నీళ్ళను నేరుగా మురుగులోకి వదిలేవాడు కాడు. షెడ్డు వెనక గుంటలోకి మళ్ళించి, రెండు గంపల సున్నం వేసి కలియబెట్టి, లిట్మస్ కాగితం ముంచి చూసేవాడు. ఆమ్లం విరిగిందని కాగితం చెప్పాకే ఆ నీటిని భూమిలోకి ఇంకనిచ్చేవాడు. పని నేర్పినవాడు అలాగే నేర్పాడు. కాగితం చెప్పినదంతా నిజమే. క్రోమియం సంగతి మాత్రం దానికి తెలియదు, దాన్ని ఎవరూ అడగనూ లేదు. మేస్త్రి తప్పు అబద్ధంలో మొదలు కాలేదు. సగం తెలిసినదాన్ని పూర్తిగా తెలిసినదిగా నమ్మడంలో మొదలైంది.

వారం తిరక్కుండానే సంస్థ నుంచి కొత్త ఇంజినీరు వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. భుజాన సంచి, సంచిలో టేపు, చేతిలో మేస్త్రి దరఖాస్తు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"తోట చూపించండి మేస్త్రిగారూ."

మేస్త్రి ఫారాలయన వైపు చూశాడు. ఫారాలయన పైకప్పు వైపు చూశాడు.

"వెనక ఉంది మేడమ్. అంటే... వేస్తున్నాం."

వెనక ఉన్నది రెండు మంచాలు వేస్తే నిండిపోయే జాగా. అందులోనే సున్నపు గుంట, దానికి పన్నెండు అడుగుల దూరంలో బోరు. ఆమె టేపుతో కొలిచి రాసుకుంది.

"పదకొండు మీటర్లు. ఇక్కడ నూట ఇరవై మీటర్ల తోట పెంచాలంటే పదకొండు అంతస్తులు లేపాలి."

"మీకు ముందు వచ్చినవాళ్ళు ఏమీ అనలేదు మేడమ్."

"వాళ్ళ సంతకాలకి వాళ్ళు జవాబు చెప్పుకుంటారు. ఈ బోరు నీళ్ళు తాగుతారా?"

మేస్త్రి నోరు విప్పేలోగా ఫారాలయన అందుకున్నాడు. "అబ్బే, బట్టలు ఉతకడానికే. తాగడానికి బయటి నీళ్ళు తెప్పించుకుంటారు."

మేస్త్రి దిద్దలేదు. ఆమె అదీ రాసుకుంది.

"ఈ నీళ్ళు నిజంగా ఎక్కడికి పోతున్నాయో రాసివ్వండి, లేదా తోట చూపించండి. మూడు వారాల్లో మళ్ళీ వస్తాను."

ఆమె జీపు మలుపు తిరిగాక ఫారాలయన పెదవి విరిచాడు. "ఏదో ఆశిస్తోంది."

"ఏమీ అడగలేదే."

"అడగనివాళ్ళే ఎక్కువ ఆశిస్తారు మేస్త్రీ. నా సర్వీసులో చూడని ఇంజినీరా?"

తోటలేని చోట తోట ఉందని రాసిన మనిషి ఏం చేస్తాడు? తోట తెస్తాడు. యాభై క్రోటన్ కుండీలు వచ్చాయి. వెనక జాగాలో, మెట్ల మీద, పిట్టగోడ పొడుగునా వరస కట్టాయి. పాలిష్ పని చేసే బాబాయి రెండు కుండీలు తన ఇంటికి పట్టుకుపోయాడు. లెక్క ఎవరూ అడగలేదు. మిగిలినవాటికి మేస్త్రి గుంటలోని నీళ్ళే పోయించాడు. ఫారంలో రాసినదాన్ని నిజం చేస్తున్నానన్న తృప్తి అతనిది.

ఆరో రోజుకు మొక్కలు తలలు వాల్చాయి. పదో రోజుకు పుల్లలు మిగిలాయి.

"ఇవి మొక్కలా, మసిగుడ్డలా మేస్త్రీ?" అన్నాడు బాబాయి.

"ప్లాస్టిక్‌వి పెట్టేద్దాం," అన్నాడు ఫారాలయన. "నీళ్ళక్కర్లేదు, చావవు."

మేస్త్రికి అభిమానం దెబ్బతింది. మళ్ళీ యాభై కుండీలు తెప్పించాడు. ఈసారి గుంట నీళ్ళు వద్దన్నాడు. ఇంట్లో అందరూ తాగే బోరు నీళ్ళు కోడలి చేత పోయించాడు. ఆమె రోజూ ఒక్కో కుండీ దగ్గర ఆగి, ఆకులు తుడిచి మరీ పోసేది. వారం గడిచేసరికి ఆకుల అంచులు పసుపు తిరిగాయి, తర్వాత గోధుమరంగుకు మారి ముడుచుకున్నాయి.

"నర్సరీవాడు మోసం చేశాడు," అన్నాడు మేస్త్రి.

"వాడినెందుకంటావ్? మా ఇంట్లో ఉన్న రెండూ వాడిచ్చినవేగా. చిగుళ్ళేస్తున్నాయి," అన్నాడు బాబాయి.

"నువ్వేం పోస్తున్నావ్?"

"ఏం పోస్తాను. మా వీధి కుళాయి నీళ్ళు."

మేస్త్రి తెల్ల పింగాణీ కప్పు తీసి, బోరు నీళ్ళు పట్టి, ఎండలోకి వెళ్ళి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్న రంగు. తన తొట్టి రంగు. పల్చగా ఉంది, అంతే తేడా.

అతను మెట్లెక్కేసరికి కోడలు మంచం మీద కూర్చుని గ్లాసు పెదాలకు ఎత్తుకుంటోంది. మేస్త్రి ఆ గ్లాసు చేతిలోంచి లాక్కున్నాడు. ఆమె బిత్తరపోయి చూసింది. అతను ఆ నీళ్ళు కిటికీలోంచి పారబోశాడు.

పర్యావరణ సంస్థ జిల్లా కార్యాలయం ఒక పాత మేడలో రెండో అంతస్తు. ఆ ఇంజినీరు బల్లకు రెండు వైపులా ఫైళ్ళు గుట్టలుగా ఉన్నాయి. నూట ఎనభై పరిశ్రమలను చూడవలసింది ఆమె ఒక్కతే. మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫారాలయనకు చెప్పకుండా వచ్చాడు.

"మేడమ్, ఆ రోజు అబద్ధం చెప్పాం. తోట లేదు. ఆ బోరు నీళ్ళే తాగుతున్నాం. నా కోడలికి అయిదు వెళ్ళి ఆరో నెల వచ్చింది."

తిడుతుందనుకున్నాడు. ఆమె లేచి నిలబడింది.

"ముందు ఇంటికి ఫోన్ చేయండి. తాగడానికీ వంటకీ ఆ నీళ్ళు వాడొద్దనండి. మరగబెట్టినా ఆ విషం పోదు. నేను ఇప్పుడే వచ్చి నమూనా తీస్తాను."

"సీసాలో పట్టుకొచ్చాను మేడమ్."

"మీరు తెచ్చింది చెల్లదు. ఏ చోట, ఎప్పుడు, ఎలా తీశామో నేను రాసి సీలు వేయాలి. రేపు దాన్ని ఎవరూ కాదనకుండా ఉండాలంటే అదే దారి." నడుస్తూనే అంది. "ఆ రోజు అడిగి ఊరుకున్నాను. మీ మాట రాసుకున్నాను కానీ నీళ్ళు తీయలేదు. అది నా పొరపాటు."

ప్రయోగశాల నివేదిక నాలుగో రోజు వచ్చింది. తాగే నీటిలో ఉండదగిన దానికి నలభై రెట్ల క్రోమియం. అనుమతి నిరాకరిస్తున్నట్టు ఆమె ఉత్తర్వు రాసింది. క్రోమియం తొట్టి ఆపించింది. ఉత్తర్వు కిందనే, మళ్ళీ దరఖాస్తు చేయాలంటే ఏ శుద్ధి తొట్లు కట్టాలో, ఆ పని ఎక్కడ నేర్చుకోవాలో రెండు పేజీలు రాసింది. ఆ ఉత్తర్వు ఇవ్వడానికి వచ్చిన రోజు షెడ్డులోనే గాజు గ్లాసులో పసుపుపచ్చటి నీళ్ళు పట్టి, కాస్త ఆమ్లం, ఒక చెంచా తెల్లని పొడి కలిపింది. నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. అప్పుడు సున్నపు తేట పోసింది. మురికి ముద్దలు ముద్దలుగా అడుగుకు దిగి, పైన నీరు తేటపడింది.

"సున్నం వేయడం తప్పు కాదు మేస్త్రిగారూ. దానికి ముందు, క్రోమియాన్ని విరిచే ఈ పొడి వేయలేదు. ఈ అడుగున దిగింది కూడా భూమిలోకి పోకూడదు. దానికి వేరే కేంద్రం ఉంది, వాళ్ళ బండి వచ్చి తీసుకెళ్తుంది."

ముప్పై ఏళ్ళ పనివాడు చిన్న పిల్లవాడిలా ఆ గ్లాసు ముందు కూర్చుని, మళ్ళీ ఒకసారి చేసి చూపించమని అడిగాడు. ఆమె చూపించింది.

మూడు నెలలు క్రోమియం తొట్టి మూతపడింది. పాలిష్ పనితో షెడ్డు నెట్టుకొచ్చింది. గుంట పూడ్చి శుద్ధి తొట్లు కట్టారు. ఇంటికి ఊరి కుళాయి వచ్చింది. కోడలికి పరీక్షలన్నీ చేసిన డాక్టరు ఆచితూచి మాట్లాడే మనిషి. "ఇప్పటికి తేడా ఏమీ కనపడలేదు. ఇంకొన్నాళ్ళు తాగి ఉంటే ఈ మాట అనగలిగేవాణ్ణో లేదో చెప్పలేను," అన్నాడు. అనుమతి చేతికొచ్చిన నెలలోనే మనవరాలు పుట్టింది.

ఈలోగా ఆ ఇంజినీరు మిగిలిన పది షెడ్లలోనూ తోటలు చూపించమని అడిగింది. వీధి అట్టుడికిపోయింది. ఆమెను బదిలీ చేయించాలని ఫారాలయన అర్జీ రాశాడు. పక్క షెడ్డులో అందరూ కూడారు. కాగితం చేతులు మారుతూ మేస్త్రి దగ్గరికి వచ్చింది.

"నేను సంతకం పెట్టను," అన్నాడు మేస్త్రి.

"అదేంటన్నా," అన్నాడు మూడొందల మీటర్ల తోట యజమాని. "నీ పని మూడు నెలలు ఆపిందిగా ఆవిడ. నీకే ఎక్కువ మండాలి."

"ఆపింది. తొమ్మిదేళ్ళలో నా షెడ్డుకి ముగ్గురు మంచివాళ్ళు వచ్చారు తమ్ముడూ. నన్ను కష్టపెట్టకూడదని టీ తాగి, సంతకం పెట్టి వెళ్ళారు. ఆ మంచితనమే నా కోడలి గ్లాసులోకి వచ్చింది. ఈమె వచ్చి కాదంది. కాదని ఊరుకోలేదు, ఎలా చేస్తే అవునంటుందో పక్కన నిలబడి నేర్పింది. మీ ఇంట్లో పిల్లలు ఏ నీళ్ళు తాగుతున్నారు?"

"మా బోరు లోతైంది."

"ఎంత?"

"నీదానికన్నా ఇరవై అడుగులు ఎక్కువే."

"అయితే ఆ విషం ఇరవై అడుగులు దిగడానికి పట్టినంత ఆలస్యంగా వస్తుంది."

పక్క షెడ్డాయన అర్జీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ అమ్మాయి రేపు ఆఫీసులో ఉంటుందా?" అని అడిగాడు.

"ఉంటుంది. పొద్దున్నే వెళ్ళు, ఫైళ్ళ మధ్య వెతుక్కోవాలి." మేస్త్రి అందరి వైపూ చూశాడు. మాట మెల్లగా వచ్చింది. "ఆమె దేవత అని నేననను. ఆమె కూడా అననివ్వదు, నా పని నేను చేశానంటుంది. సంతకం పెట్టే అధికారికి దండాలు పెట్టడం మనకు అలవాటు. మన నీళ్ళు చూశాకే సంతకం పెట్టే అధికారి ఉండటం మన హక్కు. అలాంటి మనిషి వచ్చినప్పుడు పంపించేయడానికి చూడకుండా, కృతజ్ఞతతో నిలబెట్టుకోవడం మన బాధ్యత."