పిన్ని చదివిన చార్టు

పిన్ని గడగడా చదివేసింది. ఒక్క అక్షరం తడబడలేదు. పై వరస నుంచి కింద చీమల్లాంటి వరస దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. కానీ గోడమీద ఉన్న కళ్ళ పరీక్ష చార్టు అది కాదు. పొద్దున్నే మేనేజరు దాన్ని మార్పించాడు.

"అబ్బో, గోడ లేకపోయినా చదివేట్టుందే!" అని పగలబడి నవ్వాడు వాడు.

కళ్ళ డాక్టరు తలయినా ఎత్తలేదు. "పుట్టుకతోనే చూపు మందం. పనితో సంబంధం లేదు" అన్నాడు. ఇన్నేళ్ళ చాకిరీ ఆ ఒక్క ముక్కతో సరి. గార్డు జబ్బ పట్టుకుని లాక్కుపోతుంటే పిన్ని గుమ్మంలో బోర్లా పడింది. లేపడానికి ఎవరినీ కదలనివ్వలేదు. మిగిలినవాళ్ళకి రేపు పరీక్ష అన్నారు.

వరసలో నిలబడి ఇదంతా చూసింది డేగ. చూసింది అనకూడదు, విన్నది. పిన్ని ఆమె తల్లికి చెల్లెలు. డేగ అన్నది ఆమె కళ్ళ చురుకు చూసి తోటివాళ్ళు పెట్టిన పేరు. ఈ ఫ్యాక్టరీలో కొత్తరకం టీవీ తెర వెనక ఆవగింజల్లాంటి దీపాలు వేలకు వేలు అతికిస్తారు. బొమ్మలో చీకటి ఉన్నచోట అవి ఆరాలి, వెలుగు ఉన్నచోట మండాలి. ఒక్కటి చచ్చినా మచ్చే. దీపాల పలకంతా వెలిగించి, ఆ చచ్చిన దీపాన్ని ఉత్త కళ్ళతో పట్టుకోవడం ఈ ఆడవాళ్ళ పని. వెతికే యంత్రం ఖరీదు, కళ్ళు చవక. చూడండి న్యాయం! ఈమధ్య ఖర్చు తగ్గాలని దీపాలు తగ్గించారు, తగ్గిన వెలుగు పూడ్చడానికి ఉన్నవాటికి కరెంటు పెంచారు. నల్లద్దాలతో పని నెమ్మదిస్తోందని అవీ లాగేసుకున్నారు. ఇప్పుడు డేగకి ఏ మొహం చూసినా నడిమధ్య మసక. చెవులూ జుట్టూ కనబడతాయి, కళ్ళూ ముక్కూ కనబడవు. చెబితే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు.

బట్టలు మార్చుకునే గదిలో అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"దీనికింత ఏడుపెందుకే?" అంది పక్క బల్ల వాగుడుకాయ. "కొత్త చార్టు సగం చూసొచ్చా. రేపటికి బట్టీ కొట్టేద్దాం. పాతది కొట్టలా?"

"కొట్టాం" అంది డేగ. "అందరికీ నేర్పింది నేనే. ఏమైంది? ఈ వెలుగు ఎవర్నీ ఏమీ చెయ్యలేదని మన నోటితో మనమే వాడికి సాక్ష్యం చెప్పాం. మన వేలితో మన కన్నే పొడుచుకున్నాం."

"అయితే కనబడట్లేదని చెప్పి రోడ్డున పడదామా?"

"ఒక్కరు చెబితే రోడ్డే. అందరం చెబితే లైను ఆగుతుంది."

కొత్తగా చేరిన చంటిబిడ్డ తల్లి కస్సుమంది. "నాకు శుభ్రంగా కనబడుతోందక్కా. నేనెందుకు అబద్ధమాడాలి? పాలడబ్బా నువ్వు కొంటావా?"

"అబద్ధమాడొద్దు. చదవనని చెప్పు."

"నీకేం, డేగవి! నీ కళ్ళకేమైంది?"

"నువ్వు మాట్లాడితేనే నువ్వని తెలుస్తోందమ్మా నాకు" అంది డేగ.

"అయితే రేపు ఎవరం చదవం" అంది వాగుడుకాయ. డేగకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఎవరో మేనేజరుకి ఉప్పందించారు. మర్నాడు వాళ్ళు వచ్చేసరికే పోలీసు వ్యాను ఆవరణలో ఉంది. అందరూ లోపలికి రాగానే గేటుకి తాళం పడింది.

చార్టు ముందుకి డేగే మొదట వెళ్ళింది. "కనబడట్లేదు."

"డేగకి కనబడదా? వేళాకోళమా?" అన్నాడు మేనేజరు.

"మీరూ కనబడట్లేదు. మీ మొహం ఉన్నచోట మసకుంది."

ఆ తర్వాతావిడ కనబడట్లేదంది. ఆ వెనకావిడా అదే మాట. "పై అక్షరం ఏనుగంత ఉందటగా, నిజమేనా సార్?" అంది వాగుడుకాయ. చంటిబిడ్డ తల్లి చార్టు వంక చాలాసేపు చూసింది. "అన్నీ కనబడుతున్నాయి. చదవను" అంది. అవతల హాల్లో చూసే కళ్ళు లేక పలకలు వెలుగుతూనే బెల్టుమీద పేరుకుపోయాయి. కాసేపటికి లైను ఆగింది.

లాఠీలు పట్టిన పోలీసులతో లోపలికొచ్చాడు ఇన్‌స్పెక్టరు. డేగ జుట్టు దొరకబుచ్చుకున్నాడు. "ఎవరే నడిపిస్తోంది? వేలు పెట్టి చూపించు, నిన్నొదిలేస్తా."

డేగ వరస వైపు తిరిగింది. "నాకు మొహాలు కనబడవు సార్. ఆ మాట డాక్టరుగారిని కాగితం మీద రాయమనండి."

ఆమెను ఈడ్చుకుపోతుంటే గుమ్మానికి అడ్డంగా వాగుడుకాయ నిలబడింది. ఆమె పక్కన ఒకరూ, ఇంకొకరూ, చంటిబిడ్డ తల్లీ. గేటు అవతల మరో వ్యాను వచ్చి ఆగిన చప్పుడు.

"చూపులేనిదాన్ని అడుగుతారేంటి సార్?" అని అరిచింది వాగుడుకాయ. "మీ కళ్ళు బాగానే ఉన్నాయిగా. ఎంతమందిమున్నామో మీరే చూసుకోండి!"