ఐజాక్ గారి పెగ్గు కొలత

నేను ఒక ఇత్తడి పెగ్గు కొలతను. ఒకవైపు ముప్పై మిల్లీలీటర్లు, తిప్పి పట్టుకుంటే అరవై. రెండు వైపులా నోరున్నా ఇన్నేళ్లలో ఒక్క రహస్యం బయటపెట్టలేదు. బారులో పనికి కుదిరేవాళ్లకి ముందు ఉండాల్సిన గుణం అదే.

నన్ను శ్రీకాకుళం జిల్లా బుడితిలో పోతపోశారు. చెంబులూ దీపపు కుందులూ చేసే ఒక పెద్దాయనకి వాల్తేరు నుంచి ఎవరో క్లబ్బువాళ్లు వచ్చి కాగితం మీద బొమ్మ గీసిచ్చారు. దేనికని ఆయన అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. తీర్థం పోసే గిన్నె కాబోలనుకుని నా నడుం చుట్టూ భక్తిగా తామరరేకులు చెక్కాడు. పాపం, నేను ఎక్కడికి చేరానో తెలియకుండానే ఆయన వెళ్లిపోయాడు.

క్లబ్బులో నేను ఐజాక్ చేతికి వచ్చాను. అప్పుడతనికి ఇరవై రెండేళ్లు. తెల్లకోటు, నున్నగా దువ్విన జుట్టు. ఆ రోజుల్లో జిన్ అంటే పెద్ద ఎంపికేం లేదు, నిమ్మ కార్డియల్ అనే తియ్యటి పాకం కలిపి ఇచ్చేవాళ్లు. ఐజాక్ మాత్రం ప్రతి సీసా మూత తియ్యగానే నాలో నాలుగు చుక్కలు పోసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "ఈ పెట్టె ఎండలో ఉండిపోయిందండి. ఒద్దు, ఎనక్కి పంపేయండి" అనేవాడు. సెక్రటరీ నవ్వేవాడు, కానీ పంపేసేవాడు. నిమ్మరసం తప్ప ముట్టమని ఇంట్లో చెప్పి వచ్చే పెద్దమనుషులు నిజంగా నిమ్మరసమే తాగేవాళ్లు. అందులో నా వంతు ఎంతో వాళ్లకీ నాకూ మాత్రమే తెలుసు. సముద్రపు గాలి, పేకముక్కల చప్పుడు, అప్పుడే తీసిన నిమ్మతొక్క వాసన. ఆ సాయంత్రాలు మళ్లీ రావు కదా అనుకుంటే ఇప్పటికీ దిగులేస్తుంది.

రిటైరైన రోజు ఏం కావాలని అడిగితే ఐజాక్ నన్ను కోరుకున్నాడు. ఆయన భార్య రూతమ్మ మందు గిన్నెను షోకేసులో పెట్టనివ్వలేదు. నాతో దగ్గుమందు కొలిచేది. అదీ ఒక ఉద్యోగమే అని సర్దుకున్నాను.

తర్వాత కరోనా వచ్చింది. ఐజాక్ జ్వరం వారంలో తగ్గింది గానీ ముక్కు మాత్రం తిరిగి రాలేదు. నెలలు గడిచాయి, ఏళ్లు గడిచాయి. ఒక్కడే ఉన్నప్పుడు అగరొత్తి వెలిగించి పీల్చేవాడు, నిమ్మకాయ గిల్లి చూసేవాడు. ఏమీ తెలిసేది కాదు. ఊరంతా తన ముక్కుని మెచ్చుకున్న మనిషి, అది పోయిందని ఎవరితో చెప్పుకుంటాడు? ఎవరికీ చెప్పలేదు.

అలాంటి సమయంలో కనకారావు ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఐజాక్ దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు బీచి రోడ్డులో ఒక హోటల్లో బారు మేనేజరు. నర్సీపట్నం వైపు సుజన అనే అమ్మాయి చిన్న రాగి బట్టీ పెట్టి దబ్బకాయ, నిమ్మ, నారింజ తొక్కలతో జిన్ తీస్తోందట. నమూనాలు రెండు. ఒకటి పచ్చితొక్కతో, ఒకటి ఎండు తొక్కతో. రెంటిలో ఏది సీసాలకెక్కించాలో గురువుగారే తేల్చాలన్నాడు. ఐజాక్ కాదనలేకపోయాడు. నన్ను జేబులో వేసుకుని బయల్దేరాడు.

మధ్యాహ్నం బారు ఖాళీగా ఉంది, సుజనా కనకారావూ తప్ప ఎవరూ లేరు. రెండు సీసాల మీదా అంకెలే ఉన్నాయి. ఐజాక్ ఒకటో సీసాలోంచి నాలో ముప్పై కొలిచి గ్లాసులో పోశాడు, నన్ను కడిగి రెండోది కొలిచాడు. ఇత్తడికి వాసన పట్టుకునే గుణం ఉంది. మొదటిది గుప్పుమంది, దబ్బచెట్టు కింద నిలబడ్డట్టే ఉంది. రెండోది పాత బీరువాలా ఉంది. నాకు తెలుసు, చెప్పే దారి లేదు.

ఐజాక్ రెండూ చప్పరించాడు. నాలుక మీద చురుక్కుమంది, అంతే. ఏం చెయ్యాలో తెలియక కనకారావు మొహం చూశాడు. కనకారావు అప్పుడే కారా కిళ్లీ నమిలి వచ్చాడు, నోరు మొద్దుబారి రుచి చూసినా అతనికీ ఏమీ తెలియక గురువుగారి మొహమే చూస్తున్నాడు. రెండో గ్లాసు ఐజాక్ చేతిలో ఉన్న క్షణంలో కనకారావు ఊరికే తలాడించాడు. దాంతో ఐజాక్ "ఇదేనమ్మా" అనేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ జిన్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

సుజన మొహం వాడిపోయింది. ఆమె మెచ్చింది మొదటిది, పచ్చితొక్కది. అయినా తల వంచి, "మీరన్నారంటే నాదే తప్పయి ఉంటాది మాస్టారూ. ఈ ఏడాది సరుకంతా ఎండు తొక్కతోనే తీస్తాను. పచ్చి తొక్క పీపాలు పారబోయించేస్తాను" అంది. ఉద్యోగం మానుకుని మూడేళ్లు పడ్డ కష్టాన్ని ఒక్క పెద్దాయన మాట మీద పారబోయడానికి సిద్ధపడింది.

ఐజాక్ నన్ను బల్ల మీద బోర్లించాడు.

"ఆగమ్మా" అన్నాడు. "పారబొయ్యకు. నాకు వాసన తెలీదు. మూడేళ్లయింది. నీ కాడ పెద్దరికం పోద్దని అబద్ధం ఆడేను."

కనకారావు నోరు తెరిచాడు. ఐజాక్ తలెత్తలేదు. యాభై ఏళ్ల పేరు ఆ బల్ల మీద పెట్టేసి నిలబడ్డాడు. నా జన్మలో ఆయన్ని అంతగా ఎప్పుడూ ప్రేమించలేదు.

సుజన మొదటి గ్లాసు ఎత్తి పీల్చింది. "దబ్బతొక్క గోటితో గిల్లితే చెయ్యంతా అంటుకుంటాది సూడండి, ముందు అది. దాని ఎనకాల ధనియాలు. ఆకర్ని వాన పడ్డ కొండ" అంది మెల్లగా.

ఐజాక్ కళ్లు మూసుకున్నాడు. "ఇంకా చెప్పమ్మా" అన్నాడు.

మొదటిదే సీసాలకెక్కింది. ఇప్పుడు నేను ఆ హోటల్లోనే ఉంటున్నాను. శుక్రవారం మధ్యాహ్నాలు ఐజాక్ వస్తాడు. అరవై నిండా కొలిచి, మంచుముక్కల మీద పోసి, టానిక్ సోడా నిదానంగా వదిలి, దబ్బతొక్క మెలిపెట్టి గ్లాసు అందిస్తాడు. అందుకున్నవాళ్లని "ఎలా ఉందో చెప్పండి" అని అడుగుతాడు. ముసలాయన మెప్పు కోరుకుంటున్నాడనుకుని వాళ్లు నవ్వి, బ్రహ్మాండం అంటారు. ఆయన కదలడు, అక్కడే నిలబడి ఉంటాడు. ఆయన నిజంగా తెలియకే అడుగుతున్నాడు.