మెడికల్ వార్డులో మా అత్తగారు

“అమలమ్మా, డాక్టరుగారికి కాఫీ పట్రా” అంటే, చేతిలో ఇంజెక్షను ఉన్నా పక్కన పెట్టి కాఫీకి వెళ్ళాలి. మా ఆస్పత్రిలో నర్సు ఉద్యోగమంటే అప్పట్లో అదే. గుణదలలో ఇంటికొస్తే మా ఆయన సొలొమోను, అత్తగారు తెరేసమ్మ. నైట్ డ్యూటీ చేసొచ్చి నడుం వాలిస్తే, “పగలు పడుకునే ఆడదాన్ని ఎక్కడా చూళ్ళేదు” అనేవారు అత్తగారు. లేచి పప్పు పొయ్యి మీద పడేసేదాన్ని. ఉద్యోగం చేస్తున్నాను గదా అంటే, “నిన్నెవరు చెయ్యమన్నారు?” అంటూనే నా జీతం జేబులో పెట్టుకునేవారు మా ఆయన.

డెబ్భై నాలుగులో పద్మావతమ్మగారు సూపరింటెండెంటుగా వచ్చారు. నర్సులందర్నీ పిలిచి కూర్చోమన్నారు. ఆస్పత్రిలో మమ్మల్ని కూర్చోమన్నవాళ్ళు అంతకు ముందు లేరు. “వార్డు మీది. రోగి దగ్గరికి ఎవరు రావాలో, రోగి ఏం తినాలో మీరు చెప్పిందే ఖాయం” అన్నారు.

నాకు ఆడవాళ్ళ మెడికల్ వార్డు ఇచ్చారు. ఆ వార్డులోనే అంతకు ముందేడు, టైఫాయిడు తగ్గుతున్న ఒక పిల్లకి బంధువులు గారెలు పెట్టారు. అడ్డం వెళితే, “నువ్వెవరు చెప్పడానికి?” అన్నారు. పేగుకి చిల్లిపడి పిల్ల దక్కలేదు. వార్డు నా చేతికి రాగానే ఆ పిల్ల మొహమే గుర్తొచ్చింది. మంచాల కింద కిరసనాయిలు స్టవ్వుల్నీ, వాటి పక్కన గురకపెడుతున్న బావమరుదుల్నీ ఆ రోజే ఖాళీ చేయించాను.

ఆ వేడి చల్లారకముందే మా అత్తగారికి టైఫాయిడు వచ్చింది. నా వార్డులోనే మంచం ఇచ్చారు. జ్వరం తగ్గుతుండగా ఒక మధ్యాహ్నం మా ఆయన క్యారియరుతో దిగారు. వెనక చుట్టాలు.

“ఏమిటండీ అది?”

“కొర్రమీను పులుసు. అమ్మకి నోరు చచ్చిపోయిందంట.”

“పెట్టకూడదండీ. మీరూ ఇప్పుడు లోపలికి రాకూడదు.”

“నేను నీ మొగుణ్ణి.”

“ఇక్కడ పేషెంటు తాలూకు మనిషండీ.”

మంచం మీదనుంచి అత్తగారు అందుకున్నారు. “చూడండమ్మా, కోడలు నన్ను మాడ్చి చంపుతోంది.”

పక్కమంచం వెంకటరత్నమ్మ ఆవిడ వైపు తిరిగింది. “ఊరుకోండి పిన్నిగారూ. నిన్న మా ఆయన్నీ పంపేసింది. పెళ్ళయ్యాక నేను పగలు కన్నుమూసింది నిన్ననే.”

మా ఆయన పద్మావతమ్మగారి దగ్గరికి వెళ్ళారు.

“సిస్టరుగారు ఏమన్నారు?” అని అడిగారావిడ.

“వద్దందండీ.”

“అయితే వద్దు.”

పులుసు చుట్టాలే వరండాలో కూర్చుని తిన్నారు. ఆ వాసన పీలుస్తూ అత్తగారు గంజి తాగారు. గుక్కకొకసారి నన్ను తిట్టారు. ఆ తర్వాత, ఎవరూ పలకరించని నిశ్శబ్దంలో, సాయంత్రం దాకా కదలకుండా నిద్రపోయారు. కోలుకున్నాక, “ఇంకో రెండ్రోజులు ఉంచరాదా?” అని నన్నే బతిమాలారు.

ఆవిడ ఇంటికొచ్చిన వారానికి మళ్ళీ నాకు నైట్ డ్యూటీ పడింది. పొద్దున్నే గుమ్మంలో అడుగుపెట్టగానే మా ఆయన, “కూరేం చేస్తున్నావు?” అన్నారు.

“నేను పడుకోవాలండీ” అన్నాను. ఎప్పుడూ అడిగేదాన్ని. ఆ రోజు చెప్పాను.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. “పడుకోనీరా” అన్నారు అత్తగారు. “రాత్రికి మళ్ళీ ఏ తల్లో దీని చేతిలో ఉంటుంది.”

లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఆ పూట వంట ఎవరు చేశారో నేను ఇంతవరకూ అడగలేదు.