తుడిపినా పోని కామెంటు

నలభై దాటినాక రత్నమణి మళ్లీ బెంచీ ఎక్కింది. జమ్మలమడుగు పక్క పల్లెలో అంగన్‌వాడీ నడిపే ఆమెకు, డిగ్రీ ఉంటే సూపర్‌వైజరు కావచ్చని ఎవరో చెప్పారు. అంతే, ఆదివారం ఆదివారం చర్చి ఎగ్గొట్టి ప్రొద్దుటూరు స్టడీ సెంటరుకు బస్సెక్కేది. పాస్టరుగారు ఆమె కోసం ప్రార్థన పెట్టించారు. పాసు కావాలని కాదు, తిరిగి రావాలని.

ఆ సెంటరుకు కొత్తగా వచ్చిన మేడంది కృష్ణా జిల్లా. క్లాసంతటికీ కలిపి ఒక బ్లాగు తెరిచింది. వారం వారం నేర్చుకున్నది అందులో రాయాలి, తోటివాళ్లు రాసినదాని కింద కామెంటు పెట్టాలి. పెట్టనివాళ్లకు మార్కుల్లేవు. కిటికీ వైపు బెంచీలు ఒక పార్టీ ఊళ్లవనీ, గోడ వైపువి రెండో పార్టీవనీ పాపం ఆమెకేం తెలుసు. కిటికీ వాళ్లకు ఆదినారాయణ పెద్ద, గోడ వాళ్లకు చెన్నకేశవ. ఎవరి కామెంట్లు వాళ్లలోనే తిరిగేవి. నడిమి బెంచీలో రత్నమణి ఒక్కతే. బాంబులు పేలిన కాలంలో కూడా ఆమె ఏ పార్టీకీ చిక్కలేదు. రెండు వైపుల పిల్లలూ ఆమె అంగన్‌వాడీకి వచ్చేది అందుకే.

ఇప్పుడు ముందు ఎవరికి కామెంటు పెట్టాలి? పెళ్లిపత్రిక ముందు ఎవరింట్లో ఇచ్చారో చూసి మనిషి పార్టీ తేల్చే సీమ అది.

నెట్ సెంటరు రహమతుల్లాతో కలిసి ఆమె ఒక ఉపాయం పన్నింది. ఆ సెంటరులో నెట్టు ఎంత నిదానమంటే, పెళ్లిచూపులకు ఫోటో తెరవమని కూర్చున్నవాడు అది తెరుచుకునేలోగా వేరే పిల్లను చేసుకుని బిడ్డనెత్తుకుని రావచ్చు. రెండు కంప్యూటర్ల ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఇద్దరు కుర్రాళ్లకూ ఒకటే మాట: ‘బాగా రాసినావు నాయనా’. ఒకేసారి నొక్కారు. ఆదినారాయణది బ్లాగులోకి పోయింది. అంతలో కరెంటు కూడా పోయింది.

కరెంటొచ్చాక చెన్నకేశవకూ పెట్టింది గానీ, రెండింటి కిందా టైము పడింది.

సోమవారం సగం మంది పిల్లలు రాలేదు. చెన్నకేశవ వైపు తిరుపాలమ్మ ఇంటికి వెళ్లి అడిగితే ఆమె గడపలోనే నిలబడి చెప్పింది.

“పార్టీ మారినావంట గదమ్మా. మా ఇంటాయన పిల్లోణ్ణి పంపొద్దన్యాడు.”

రత్నమణికి ఒళ్లు మండిపోయింది. మరుసటి ఆదివారం రెండు కామెంట్లూ తీసేసింది. తీసేసినా ఆ కంప్యూటరు ఊరుకోలేదు; ‘ఈ కామెంటును రాసినవారే తొలగించారు’ అని రెండు చోట్లా చాటింపు వేసింది. చదివినవాళ్లు చెప్పినా నమ్మక, ఇంతకూ ఏం రాసి తీసేసిందని రెండు పార్టీలూ తలలు పట్టుకున్నాయి. ఆ మాట పులివెందుల చేరేసరికి, ఎవరి తాతనో తిట్టిందన్నంత పెరిగింది.

ఈసారి సోమవారం ఒక్క పిల్లా రాలేదు. వండిన అన్నం, ఉడికించిన గుడ్లు ముందేసుకుని ఆమె గోడకున్న అ ఆల పటాన్ని చూస్తూ కూర్చుంది. చదువుకోవాలనుకోవడమే తప్పయిందని ఆ పటానికే చెప్పుకుంది.

మరుసటి రోజు తిరుపాలమ్మ కొడుకును చంకనేసుకుని వచ్చింది.

“ఇద్దరికీ కాకుండా పోయినావంట గదమ్మా. ఇంగ మాకేం భయం,” అని పిల్లోణ్ణి దించింది. మధ్యాహ్నానికి అవతలి వైపు పిల్లలూ వచ్చారు.

ఏడాది చివర మేడం ఆఖరి పని ఇచ్చింది: బ్లాగు వల్ల ఏం నేర్చుకున్నారో రాయండి, తోటివాళ్లకు కామెంట్లు పెట్టండి. రత్నమణి రహమతుల్లా దగ్గర కూర్చుని రాసింది: ‘తుడిపినా కనబడుతుందని నేర్చుకున్నాను. ఇన్నేండ్లు పిల్లలకు పలక మీదే నేర్పించాను, ఈ సంగతి నాకు తెలియదు.’

“శానా బాగుందక్కా. ఇంగ ఎవురికన్నా కామెంటు పెట్టు. లేకుంటే మార్కులు పోతాయి.”

“పోతే మళ్లా కూర్చుంటా గానీ, పిల్లోళ్లు పోతే యాడ తెచ్చుకునేదప్పా,” అని రత్నమణి లేచింది.

ఆ ఏడు ఆమె పాసు కాలేదు. నడిమి బెంచీ మరుసటి ఏడు కూడా ఆమె ఒక్కదానికే మిగిలింది.