ఎదుటి జట్టుకు బొమ్మిడాయిల పులుసు

అల్లూరు బాస్కెట్‌బాల్ జట్టుకు జయరామయ్య కెప్టెన్ కాదు, కోచ్ కాదు, ఆటగాడు అసలే కాదు. బంతిని చేత్తో ముట్టిన పాపాన పోలేదు. అయినా అల్లూరులో ఆ ఆట గురించి ఎవరైనా నోరు తెరవాలంటే ముందు ఆయన నోరు మూయాలి, అది జరిగే పని కాదు. నెల్లూరు కాలేజీలో ఒక ఏడాది చదివి, పరీక్ష తప్పి, చదువుకు బదులు ఈ ఆట పిచ్చిని ఇంటికి తెచ్చుకున్న మనిషి. ఊళ్లోవాళ్లు దాన్ని బుట్టాట అంటే ఆయనకు ఒళ్లు మండేది. బుట్టాట కాదు, బాస్కెట్‌బాల్ అని దిద్దేవాడు. సరే, బుట్టబాలు అనేవాళ్లు.

ఇంటి వెనకున్న కళ్లంలో రెండు సరుగుడు దుంగలు పాతించి, వాటికి మామిడి పలకలు కొట్టించి, ఇనప వలయాలు బిగించి కోర్టు చేయించాడు. ఏటా నూర్పిళ్లకు ముందే పోటీలు ముగిసేవి గనక ఇంట్లో గొడవ రాలేదు. పందొమ్మిది వందల అరవై రెండులో మాత్రం పంట ముందు కోతకొచ్చింది, ఫైనల్ వెనకబడింది. సేద్యమంతా తల్లి ఆదిశేషమ్మ చేతిమీద నడిచే ఇల్లది. ఆమె కొడుకుని పిలిచి రెండే ముక్కల్లో తేల్చేసింది.

"ఈ తూరి గెలిస్తే కళ్లం మీ ఆటకే ఒదిలేస్తా అబ్బయ్యా, నేను చేలో ఇంకోటి చేసుకుంటా. ఓడితే శనివారం పొద్దునకి ఆ గుంజలు ఆడ ఉండకూడదు."

ఫైనల్ పై వారం శుక్రవారం. ముత్తుకూరు జట్టును ఓడించి అల్లూరు అప్పటికే ఫైనల్లో కూర్చుంది. అవతల వైపు సూళ్లూరుపేట రైల్వేవాళ్లో, నెల్లూరు మిషన్ హాస్టలు కుర్రాళ్లో ఆదివారం తేలుతుంది. అంటే జయరామయ్యకు వారం రోజుల పని దొరికింది. అరుగు మీద చుట్ట వెలిగించుకుని కూర్చుని, వచ్చేపోయే వాళ్లను ఆపి మరీ తూకం వేసేవాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎవరొస్తారో తెలియకముందే ఇద్దరినీ ఓడించేశాడు.

రైల్వేవాళ్లొస్తే మేలన్నాడు ఒక పూట. వాళ్లు తాటిచెట్లంత పొడుగు, నిజమే, కానీ రైల్లో వచ్చి, బస్సెక్కి, దుమ్ము కొట్టుకుని దిగేసరికి సగం చచ్చి ఉంటారు. సాయంత్రానికి ఆ మాట మారింది. పొడుగువాడు అలిసిపోయినా పొట్టివాడైపోడు కదా అని తనకే అనుమానం వచ్చింది. అయితే హాస్టలువాళ్లే రావాలి. బక్కపిల్లలు, రాగిసంగటి మీద బతుకుతారు. కానీ వాళ్లు ఆటకు ముందు మోకాళ్లూని ప్రార్థన చేస్తారట, దాని సంగతేమిటి? వాళ్లకు దేవుడు ఒక్కడే, మనకు ముక్కోటి, లెక్కన మొగ్గు మనదే అని సమాధానపడ్డాడు. ఆ ముక్కోటిలో ఎవరికీ బాస్కెట్‌బాల్ రాదన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఇలా అటూ ఇటూ ఊగి ఊగి, శనివారానికి ఒక గొప్ప సత్యం కనిపెట్టాడు. ఎవరొచ్చినా వాళ్లకు పొట్ట ఉంటుంది. ఆట సాయంత్రం నాలుగింటికి. మధ్యాహ్నం ఇంటికి పిలిచి, నెల్లూరు జిల్లా మర్యాద ఎట్లా ఉంటుందో గొంతుదాకా చూపిస్తే, ఏ జట్టైనా కోర్టులో పరిగెత్తదు, పొర్లుతుంది. మర్యాదను ఎవరూ ఫౌలు అనలేరు. ఈ ఎత్తు బయటికి పొక్కితే పరువు పోతుంది గనక తల్లికి కూడా చెప్పలేదు. పొరుగూరి పిల్లలు మన గడప తొక్కుతున్నారు, అన్నం పెట్టకుండా పంపుతామా అన్నాడంతే. కొడుక్కి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందని ఆమె సంతోషించింది.

ఆదివారం హాస్టలు జట్టు గెలిచింది. జయరామయ్య తన కుర్రాళ్లను పిలిచి, శుక్రవారం పొద్దున గంజి తాగండి, ఆట అయ్యేదాకా ఇంకేమీ ముట్టొద్దని ఆజ్ఞ వేశాడు.

ఆ శుక్రవారం తెల్లవారుజామునే పొయ్యి వెలిగింది. మొలగొలుకుల అన్నం, మామిడికాయ వేసిన బొమ్మిడాయిల పులుసు, రొయ్యల వేపుడు, వేటమాంసం, గడ్డపెరుగు, బొబ్బట్లు. దొడ్లో కట్టెల మోపులు ఒకటొకటిగా కరిగిపోయాయి. వాసన బజారు దాటింది. పన్నెండింటికి హాస్టలు జట్టు బస్సు దిగింది. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన డ్రిల్లు మాస్టరు సంజీవరావు నెమ్మదైన మనిషి. జయరామయ్య ఎదురెళ్లి, కాళ్లకు నీళ్లిచ్చి, విస్తళ్లు చూపించాడు.

సంజీవరావు చేతులు జోడించాడు. "క్షమించాలి జయరామయ్యగారూ. మాకివి ఈస్టరు ముందరి శ్రమల దినాలు. శుక్రవారం సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మా పిల్లలు ఉపవాసం. మంచినీళ్లు చాలు."

జయరామయ్య ఏడు రోజులు వాళ్ల ఎత్తు తూచాడు, బరువు తూచాడు, దేవుణ్ని కూడా తూచాడు. శుక్రవారం వాళ్లు తింటారా లేదా అని మాత్రం ఒక్కరినీ అడగలేదు. పక్కనే సొంత జట్టు సెంటర్ ఆటగాడు క్రీస్తుదాసు నిలబడి ఉన్నాడు. నీకు తెలుసా అని పళ్లు కొరికాడు జయరామయ్య.

"నాకూ ఉపవాసమే గదన్నా" అన్నాడు క్రీస్తుదాసు. ప్రతి ఏడూ ఉండేదే, ఎవరూ అడగలేదు గనక చెప్పలేదట.

పోనీ, వాళ్లు తినకపోతే మనకొచ్చిన నష్టం లేదు, రెండు జట్లూ ఖాళీ కడుపులే అని జయరామయ్య గుండె చిక్కబట్టుకునే లోపల ఆదిశేషమ్మ వాకిట్లోకి వచ్చింది. విస్తళ్ల ముందు ఎవరూ లేకపోవడం చూసింది. వాసన పట్టుకుని వచ్చి గోడవార నిలబడ్డ అల్లూరు కుర్రాళ్లనూ చూసింది. పంట ఇంటికొచ్చే రోజుల్లో వండిన అన్నం పారబోస్తే అన్నపూర్ణ ఉసురు తగులుతుందని నమ్మే మనిషి. కుర్రాళ్లను కూర్చోమంది.

వాళ్లొద్దమ్మా అన్నాడు జయరామయ్య. కూలీలకు పెడదామన్నాడు.

"కోతకు పోయినోళ్లు పొద్దుగూకేదాకా రారు. ఈ ఎండకు అన్నం పాచిపోదా? సొంత ఊరి బిడ్డలకు పెట్టొద్దని ఎందుకంటావు?"

ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మూడడుగుల అవతల సంజీవరావు మంచినీళ్లు తాగుతూ ఈయన వైపే మెచ్చుకోలుగా చూస్తున్నాడు. జయరామయ్య కళ్లతో సైగ చేశాడు, కనుబొమ్మలు ఎగరేశాడు, దగ్గాడు. పొద్దున గంజి తాగిన కుర్రాళ్లకు బొమ్మిడాయిల మీద తప్ప ఇంకెక్కడా చూపు లేదు. ఒక్కొక్కరికి రెండోసారి, మూడోసారి వడ్డించింది ఆదిశేషమ్మ. కడుపు నిండిందన్నవాడికి బొబ్బట్టు మీద నెయ్యి పోసింది. తన ఎత్తు తన కళ్లముందే, తన జట్టు మీదే, ఇంత చక్కగా పారడం చూస్తూ ఆయన స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. ఏడుపొచ్చింది.

ఆట గురించి చెప్పేదేముంది. హాస్టలు పిల్లలు గాలిలా తిరిగారు. అల్లూరు కుర్రాళ్లు బంతి కోసం వంగితే లేవలేదు, ఎగరబోతే త్రేన్చారు. ఒకడు కళ్లం గట్టెనక్కి పోయి కక్కుకొచ్చాడు. క్రీస్తుదాసు ఒక్కడే నలుగురి పని చేశాడు గానీ, అందించే చెయ్యి లేక ఊరికే పరిగెత్తి పరిగెత్తి నడుం మీద చేతులేసుకున్నాడు. రెఫరీ ఎప్పుడు ఊదుతాడా అని గెలిచేవాళ్లకంటే ఓడేవాళ్లే ఎక్కువ ఎదురుచూశారు. ఊరి జనం మాత్రం కడుపుబ్బ నవ్వుకున్నారు. బుట్టబాలు ఇంత బాగుంటుందని వాళ్లకు అంతకుముందు తెలియదు.

ఆట ముగిసి, వచ్చినవాళ్లు కోర్టులోనే మోకాళ్లూని ప్రార్థన చేసుకున్నారు. ఇక పోతారులే అని జయరామయ్య ఇంట్లోకి దూరాడు. వెనకే సంజీవరావు వాకిట్లోకి వచ్చాడు.

"ఎన్నో ఊళ్లు తిరిగాం. రాళ్లేసినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. ఎదుటి జట్టని చూడకుండా మాకోసం పొయ్యి వెలిగించింది మీరొక్కరేనండీ. మధ్యాహ్నం కాదన్నందుకు పిల్లలు చాలా బాధపడ్డారు. ఇప్పుడు ఉపవాసం విడవాలి. మీ ఇంటి అన్నంతోనే విడుద్దామని వచ్చాం."

మాస్టరు మాటలో ఎగతాళి ఇసుమంత లేదు, అదే జయరామయ్యను ఎక్కువ పొడిచింది. వంటింట్లో గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. మెతుకు లేదు. ఆదిశేషమ్మ మాత్రం తడుముకోలేదు. కూర్చోండి నాయనా, గడియలో అవుతుందని వాళ్లకు చాపలు వేయించి, కొడుకు వైపు తిరిగింది.

"కట్టెలు పొద్దున నీ విందుకే అయిపాయె. పొయ్యి కిందికి ఏం పెట్టమంటావు?"

ఆమె బదులు కోసం ఆగలేదు. చేతికి గొడ్డలిచ్చి, శనివారం దాకా ఎందుకులే అంది.

చీకటి పడేవేళకు వాకిట్లో విస్తళ్లు పరిచారు. ఎండి ఉన్న సరుగుడు బాగా మండింది, అన్నం తొందరగా ఉడికింది. జయరామయ్యే గరిటె పట్టుకుని వడ్డించాడు. పిల్లలు ఆవురావురుమని తిన్నారు.

"మీ కోర్టు కూడా చాలా బాగుందండీ, నేల చదును, గుంజలు గట్టివి" అన్నాడు సంజీవరావు, అన్నంలో పప్పు కలుపుకుంటూ. "వచ్చే ఏడు కూడా ఫైనల్ ఇక్కడే పెట్టించండి."

"ఇంకొంచెం వేసుకోండి మాస్టారూ" అన్నాడు జయరామయ్య.